వజ్రాల వర్తకుడు టావెర్నియర్: స్వలాభము, ధర్మము

తొలకరి జల్లులు కురిసిన మరునాడు జొన్నగిరి ఎర్రనేలల్లో కనబడే దృశ్యం మన ప్రాంతంవారికి కొత్త కాదు. పిల్లాపెద్దా తల వంచుకొని, చేలగట్ల వెంట అడుగడుగునా నేలను పరికిస్తూ నడుస్తారు. ఒక్క రాయి మెరిస్తే ఒక కుటుంబం గట్టెక్కవచ్చునన్న ఆశ వారిని నడిపిస్తుంది. రాయి దొరికిన కూలీ, దానిని కొనవచ్చిన వ్యాపారి ఎదురుపడినప్పుడు తలెత్తే ప్రశ్న మాత్రం చాలా పాతది. కొనేవాడు తన లాభం తాను చూచుకొంటే చాలునా? వ్యాపారనీతికి స్వలాభమే పునాది కాగలదా? ఈ ప్రశ్నను ఆలోచించేటప్పుడు మనకు జ్ఞప్తికి వచ్చే జీవితం, మూడున్నర శతాబ్దాలకు పూర్వం దక్కను గనులలో వజ్రాలు కొన్న ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్‌ది.

టావెర్నియర్ 1605లో పారిస్ నగరంలో జన్మించాడు. మతకలహాల కారణంగా ఆంట్‌వెర్ప్ విడిచి వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబం ఆయనది. తండ్రి దేశపటాల వ్యాపారి. ఇంట్లో పరచిన పటాలను చూస్తూ పెరిగిన బాలునికి ఆ దేశాలను కన్నులారా చూడవలెనన్న కోరిక కలగడం సహజమే. 1630 మొదలు 1668 వరకు ఆయన ఆరు పర్యాయాలు తూర్పుదేశాలకు ప్రయాణం చేశాడు. ముత్యాలు, ఆభరణాలు తెచ్చి ఇక్కడి ప్రభువులకు అమ్మడం, ఇక్కడి వజ్రాలు కొని ఐరోపాకు చేర్చడం ఆయన వృత్తి. 1652లో మన రాయలసీమలోని గండికోటకు వచ్చి, గోలకొండ రాజ్యంలో వజ్రవ్యాపారాన్ని శాసిస్తున్న మీర్ జుమ్లాను దర్శించాడు.

ఆయన చూచిన గనులు జొన్నగిరివి కావు. కృష్ణాతీరపు కొల్లూరు, అప్పటి బీజాపూరు రాజ్యంలోని రావులకొండ వాటిలో ముఖ్యమైనవి. రావులకొండ బజారును గూర్చి ఆయన వ్రాసిపెట్టిన వివరాలు ఈనాటికీ మనలను ఆశ్చర్యపరుస్తాయి. పది మొదలు పదహారేండ్ల వయసు గల వర్తకుల బిడ్డలు ఉదయమే ఊరి నడుమ ఉన్న చెట్టు క్రింద కూర్చొనేవారు. ఒక్కొక్కరి నడుమున ఒక వైపు తూనికరాళ్ల సంచి, మరొక వైపు ఐదారు వందల వరహాల సంచి ఉండేవి. ఎవరైనా వజ్రం తెస్తే ముందు పెద్దవాని చేతిలో పెట్టేవారు. అది ఒక్కమాటైనా లేకుండా చేతినుండి చేతికి సాగి, తిరిగి మొదటివానికి చేరేది. అతడు ధర అడిగి, కుదిరితే కొనేవాడు. ధర మించిపోతే ఆ నష్టం అతనిదే. సాయంకాలం రాళ్లన్నిటినీ పోగుచేసి, తరగతులుగా విడదీసి పెద్ద వర్తకులకు అమ్మేవారు. లాభం అందరికీ సమానం. పెద్దవానికి మాత్రం నూటికి పావువంతు అధికం.

పెద్ద బేరాల తీరూ అట్టిదే. కొనుగోలుదారు నింపాదిగా పరీక్షించుకొనేందుకు వజ్రాల మూటను వారం రోజులపాటు అతని బసలోనే వదిలిపెట్టేవారు. చెల్లింపు సరాఫుల మీద హుండీల ద్వారా జరిగేది. గడువు దాటితే నెలకు నూటికి ఒకటిన్నర వడ్డీ. నలుగురి మధ్య కూర్చొని, గుడ్డ చాటున చేతులు పట్టుకొని, వ్రేళ్ల స్పర్శతోనే ధర నిర్ణయించుకొనేవారు. అరచేయి మొత్తం పట్టుకొంటే వెయ్యి, ఒక వ్రేలు నూరు, వ్రేలి కొన పది. పక్కనున్నవానికి ఆ బేరం తెలిసేది కాదు.

ఇంతటి నమ్మకానికి మూలమేమి? స్వలాభమే అనవచ్చు. నేడు మోసగించినవానికి రేపు ఆ చెట్టు నీడన చోటుండదు. నలుగురి కండ్లు తన మీద ఉన్నవని ఎరిగినవాడు తన మేలు కోరియైనా మాట నిలుపుకొంటాడు. ఇంతవరకు స్వలాభం నీతికి మంచి కావలివాడే.

కాని అదే ఊరి గనిలోనికి తొంగిచూస్తే మరొక దృశ్యం. నేర్పరియైన పనివానికి సైతం ఏడాదికి మూడు వరహాలే కూలి. చెట్టు క్రింది బాలుని సంచిలోని ఆరు వందల వరహాలు ఇద్దరు నూర్గురు పనివారి ఏడాది కూలితో సమానం. పెద్ద రాయి కనుగొన్నవానికి దక్కేది ఒక తలపాగా గుడ్డ, అర వరహానో వరహానో. కాబట్టి దొంగతనం నిత్యకృత్యమైంది. యాభైమంది పనివారికి పన్నెండు మొదలు పదిహేనుమంది కావలివారిని నియమించవలసి వచ్చింది. ఒక నిరుపేద తన కంటికొసలోనే వజ్రాన్ని దాచి పట్టుబడ్డాడు. వర్తకునికి వారం రోజులు మూట అప్పగించిన బజారు, తవ్వినవానిని ఒక్క గడియ నమ్మలేకపోయింది. అతనికి ఆ చెట్టు నీడలో పాలు లేదు. అందుచేత అక్కడి మర్యాదలు అతనికి పట్టలేదు.

టావెర్నియర్ కూడా ఈ వెలుగునీడల నడుమనే నడిచాడు. ఒక సాయంకాలం చినిగిన బట్టలతో వచ్చిన ఒకడు, తలవెండ్రుకలలో దాచిన నలభై ఎనిమిదిన్నర క్యారట్ల వజ్రాన్ని రహస్యంగా చూపాడు. మరునాడు ఊరి వెలుపల కలుసుకొని, అడిగినదానిలో కొంత తగ్గించి కొని, సూరతులో ఒక డచ్చి కెప్టెనుకు లాభానికి అమ్మాడు.

ఆయన భాగ్యం అటుపై శిఖరమెక్కింది. పదునాలుగవ లూయీ రాజుకు నీలివజ్రంతో సహా అనేక రత్నాలు అమ్మాడు. ఆ నీలివజ్రంలోని భాగమే హోప్ వజ్రమన్న పేరుతో నేడు వాషింగ్టన్ ప్రదర్శనశాలలో ఉన్నది. 1670లో జెనీవా సరస్సు సమీపాన అబోన్ జమీను కొన్నాడు. 1676లో ఆయన యాత్రాగ్రంథం వెలువడింది. కాని ఎన్ని దేశాల సరాఫులో మాట నిలుపుకొన్నారో, అన్నిటికీ విరుద్ధంగా సొంత రక్తం మోసగించింది. తూర్పుదేశాలకు సరుకుతో పంపిన తోబుట్టువు కుమారుడు దానిని దిగమ్రింగి తిరిగి రాలేదు. జమీను అమ్ముకొని, ఎనభై దాటిన వయసులో మరల తూర్పుదారి పట్టిన టావెర్నియర్ 1689లో మాస్కోలో కన్నుమూశాడు. తిరిగి రానక్కరలేనివానిని స్వలాభం కట్టివేయజాలదని ఆయన జీవితాంతాన తెలిసింది.

ఆ గ్రంథం వెలువడిన సరిగ్గా నూరేండ్లకు, 1776లో, ఆడమ్ స్మిత్ వర్తకుల స్వలాభం లోకానికి మేలు చేయగలదని వాదించాడు. ఆయనే 1759లో మానవుల పరస్పర సానుభూతిని గూర్చి వేరొక గ్రంథం వ్రాశాడన్న సంగతిని మనం తరచు మరచిపోతాము.

మరల మన జొన్నగిరికి వద్దాము. రాయి దొరికినవానికి దాని విలువ తెలియదు, కొనేవానికి తెలుసు. వారిరువురూ జీవితంలో మరల కలుసుకొనకపోవచ్చును. చూచే నాలుగు కండ్లు లేవు, రేపటి బేరమూ లేదు. అక్కడ స్వలాభమనే కావలివాడు నిద్రపోతాడు. మేలుకొని ఉండవలసినది మనస్సాక్షి ఒక్కటే. జొన్నగిరికి చేరువనే ఎర్రగుడి బండలపై అశోకుడు రెండు వేల రెండు వందల యేండ్లకు పూర్వమే శాసనాలు చెక్కించాడు. దాసుల యెడల, కూలివారి యెడల తగినట్లు నడుచుకొనడం ధర్మంలో భాగమని వాటిలో బోధించాడు. రేపు వర్తకులో, ఉద్యోగులో కానున్న మన విద్యార్థులు ఆ నేల మీద వజ్రాలను మాత్రమే గాక ఆ బండలను కూడా ఒక్కసారి చూచి రావలెనని మా కోరిక.