కనిపెట్టియున్నవాడు

ధ్యానమునకు: కీర్తన 130:5, 6; యోహాను 4:36–38

మన తెలుగు బైబిలులో “కనిపెట్టుట” అను మాట తరచుగా వచ్చును. కావలివారు ఉదయము కొరకు చూచునట్లు దేవునికొరకు ఓపికతో ఎదురుచూచుట అని దాని భావము. లోకవ్యవహారములో, ఎవరికిని తెలియనిదానిని తెలిసికొనుటకును ఇదే మాట వాడుదుము. ఈ రెండర్థములును ఎట్లు కలియునో, మన పొరుగున జీవించిన ఒక పెద్దమనుష్యునివలన ఈ నెల నేర్చుకొందము.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములనుండి పనులమీద విశాఖపట్నం వెళ్లు మనలో అనేకులు డాబాగార్డెన్సు దాటినవారమే. అక్కడ 1840 ప్రాంతమున గోడె వెంకట జగ్గారావుగారను జమీందారు సొంత సొమ్ముతో నక్షత్రశాల నెలకొల్పిరి. మద్రాసు నక్షత్రశాల అధిపతియైన టెయిలరుదొరవద్ద ఆయన ఆ విద్య నభ్యసించెను. 1856లో జగ్గారావుగారు గతించగా ఆ భారము అల్లుడైన అంకితం వెంకట నరసింగరావుగారిమీద పడెను. 1827లో పుట్టిన ఆయనకు అప్పటికి 29 ఏండ్లు.

మామగారి దుర్భిణిని మూలబెట్టినను అడుగువారెవరు? నక్షత్రములు శిస్తు కట్టవు. అయినను ఆయన ఆ పని విడువలేదు. గ్రహణములను, తోకచుక్కలను, బుధుడు సూర్యబింబమును దాటుటను చూచి, కొలతలు వ్రాసి లండనునకు పంపుచుండెను. 1871లో అక్కడి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను తన సభ్యునిగా చేర్చుకొనెను.

1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యునికి అడ్డముగా నడచెను. 105 ఏండ్లుగా లోకము చూడని సంగతియది. ఉదయమున నాలుగు గంటలకు పైగా సాగిన ఆ దృశ్యమును ఆయన విశాఖపట్నమునుండి కొలిచెను. అంచు తాకిన క్షణము, విడిచిన క్షణము గుర్తించుటయే పని. ఆ క్షణమున ఒక మబ్బు అడ్డువచ్చినయెడల ఆ కొలత మరి దొరకదు. దొరికినను, ఒక్క ఊరి కొలత ఏమియు చెప్పదు. అనేక దేశములలోని కొలతలను పోల్చినప్పుడే సూర్యుని దూరము తేలును. ఇంటింటి పిడికెడు బియ్యము కలిసి సంఘమునకు ఆధారమగునట్లే ఇదియు.

సూర్యుని దూరము సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఈ కొలకర్రతోనే శాస్త్రజ్ఞులు నక్షత్రముల దూరమును, అక్కడనుండి మెట్టుమెట్టుగా ఇతర నక్షత్రమండలముల దూరమును కొలిచిరి.

నరసింగరావుగారు జీవించియుండగానే, 1885 ఆగస్టులో, ఆండ్రోమీడా అను మబ్బువంటి మరకలో ఒక క్రొత్త నక్షత్రము వెలిగి, కొద్ది నెలలలో మాసిపోయెను. అదేమియో అప్పుడు ఎవరికిని బోధపడలేదు. 1923లో హబుల్ గారు ఆ మరక మన పాలపుంతకు ఎంతో అవతలనున్న వేరొక నక్షత్రమండలమని కనుగొనిరి. దాని దూరము 25 లక్షల కాంతి సంవత్సరములని నేడు ఎరుగుదుము. అంత దూరమునుండి అట్లు ప్రకాశించినదనగా, అది పేలిపోయిన నక్షత్రమై యుండవలెను. బాడే, జ్వికీ గార్లు 1930ల యందు ఇట్టివాటికి సూపర్‌నోవాలని పేరిడిరి. 1941లో మింకౌస్కీగారు వాటి వెలుగును విడదీసి పరీక్షించి, హైడ్రోజను గురుతు లేనివి మొదటి తరగతి, ఉన్నవి రెండవ తరగతి అని ఏర్పరచిరి. 1885 నాటి నక్షత్రము మొదటి తరగతిలోనిది.

నరసింగరావుగారు ఇదంతయు చూడకుండనే 1892లో కన్నుమూసిరి.

ఆయన మన సంఘమువాడు కాడు. అయినను ఆకాశములు ఎవరి చేతిపనియో ఎరిగినవారమని చెప్పుకొను మనము, ఆయన చూపిన శ్రద్ధలో సగమైన చూపుచున్నామా? ఆదివారపు బడిలో పదిమంది పిల్లలకు బోధించువారు, గ్రామములలో ఏండ్లతరబడి వాక్యము చెప్పి ఫలము కానక నిట్టూర్చువారు మనలో లేరా? విత్తువాడొకడు, కోయువాడొకడని ప్రభువు ముందే తెలిపెను. మన కొలత మనము నమ్మకముగా వ్రాసి ఉంచుదము. లెక్క పూర్తిచేయువాడు ఆయనే.

ప్రార్థన: ప్రభువా, ఫలము కానరాని దినమునను మా పనిలో కనిపెట్టియుండు కృపను మాకు దయచేయుము. ఆమేన్.