యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) సుప్రసిద్ధ భారతీయ వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన శాస్త్రవేత్త. క్యాన్సరు చికిత్సలో వాడే మెథోట్రెక్సేటు ఆయన నాయకత్వములోని బృందము కృషి ఫలితమే. చర్మపు లింఫోమాకు ఇచ్చే మందులలో ఇది ఒకటి.

బాల్యము, విద్య

సుబ్బారావు భీమవరములో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితముగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. 1923లో ఆయన అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయములో చదివాడు.

పరిశోధనలు

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడి బృందము 1945లో స్ప్రూ వ్యాధికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసింది. కణ విభజనకు ఈ విటమిను అవసరము కనుక, దాని పనిని అడ్డుకొనే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేటులను కూడా ఆ బృందమే రూపొందించింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గినట్లు 1948లో ప్రకటించాడు.

చర్మపు లింఫోమా చికిత్స - ప్రమాదము

చర్మపు లింఫోమాలలో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. పేరునుబట్టి బూజు తెగులని తోచినా, ఇది టి-లింఫోసైటు కణాల క్యాన్సరు. రోగులు ఏళ్ళ తరబడి చికిత్స పొందవలసి ఉంటుంది. సోరాలెన్ మందుతో అతినీలలోహిత కిరణాలు, చర్మముపై పూసే నైట్రోజన్ మస్టర్డు, ఎలక్ట్రాన్ కిరణ చికిత్స వ్యాధిని అణచినా, తరువాతి కాలములో వేరే చర్మ క్యాన్సరు వచ్చే అవకాశమును పెంచగలవు. కిరణాల వలన కలిగే ఈ ప్రమాదము ముఖ్యముగా తెల్లని చర్మము గలవారిలో గుర్తించబడినది.

మెథోట్రెక్సేటు విషయములోను ఇట్టి సందేహమున్నది. గుండె జబ్బు గలవారికి తక్కువ మోతాదులో ఈ మందునిచ్చి జరిపిన పెద్ద పరిశోధనలో, ఉత్తుత్తి మాత్రలు పొందినవారికంటె వీరిలో చర్మ క్యాన్సరు ఎక్కువగా కనిపించినట్లు 2020లో వెల్లడైనది. అయితే వారు లింఫోమా రోగులు కారు. లింఫోమా రోగులకు ఇతర క్యాన్సర్ల అవకాశము సహజముగానే కొంత ఎక్కువ కనుక, ఇందులో మందు పాలు ఎంతో విడదీయుట కష్టము. కావున వైద్యులు చికిత్సను మానరు. కాని చర్మమును క్రమముగా పరీక్షిస్తారు. కొత్త గడ్డ గాని, మానని పుండు గాని కనిపిస్తే రోగి వెంటనే వైద్యునికి చూపించుకోవాలి.

మరణము

సుబ్బారావు 1948 ఆగష్టులో అమెరికాలో మరణించాడు. మెథోట్రెక్సేటుకు అమెరికా ప్రభుత్వ ఆమోదము 1953లో లభించింది. దాని విస్తృత ఉపయోగమును గాని, ఆ తరువాత బయటపడిన ప్రమాదములను గాని ఆయన చూడలేదు. 1995లో ఆయన శతజయంతి సందర్భముగా భారత ప్రభుత్వము తపాలా బిళ్ళను విడుదల చేసింది.