శరణు కోరినవారికి అండ – అమీర్ అబ్దుల్ ఖాదిర్ అల్ జజాయిరీ (రహ్మ)

ఇస్లాం శాంతి ధర్మమని మనం తరచుగా చెప్పుకుంటూ ఉంటాము. పరిస్థితులు అనుకూలంగా ఉన్నప్పుడు, ఎదుటివారు మనల్ని గౌరవంగా చూస్తున్నప్పుడు ఈ మాట చెప్పడం కష్టమేమీ కాదు. మనకు ఘోరమైన అన్యాయం చేసినవారి మతస్థులే ప్రాణభయంతో మన గుమ్మం ముందు నిలబడినప్పుడు ఆ మాట మీద నిలబడగలమా అన్నదే అసలైన పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము. ఆయనే అల్జీరియాకు చెందిన అమీర్ అబ్దుల్ ఖాదిర్ (రహ్మ).

జననం, విద్యాభ్యాసం

అబ్దుల్ ఖాదిర్ 1808 సెప్టెంబరులో పశ్చిమ అల్జీరియాలోని మఅస్కర్ పట్టణ సమీపంలో ఒక గ్రామంలో జన్మించారు. తండ్రి ముహియుద్దీన్ ఖాదిరియ్యా సంప్రదాయానికి చెందిన గురువు. విద్యార్థులకు, బాటసారులకు, పేదలకు వారి ఇంట ఎప్పుడూ ఆశ్రయం ఉండేది. తల్లి జొహ్రా భక్తిపరురాలు, చదువుకున్న మహిళ. బాల్యంలోనే ఆయన దివ్యఖుర్ఆన్‌ను కంఠస్థం చేశారు. హదీసు, ఫిఖ్హ్ అభ్యసించారు. గుర్రపు స్వారీలో కూడా ఆయనది అందెవేసిన చేయి.

యువకుడిగా ఉన్నప్పుడే తండ్రితో కలిసి హజ్ యాత్రకు బయలుదేరి మక్కా, మదీనాలతోపాటు డమాస్కస్, బాగ్దాద్ నగరాలనూ దర్శించారు. తిరిగి వచ్చాక చదువు, ఆరాధనలే జీవితంగా ఉండాలని ఆయన కోరుకున్నారు. కాని అల్లాహ్ నిర్ణయం మరొకటి.

బాధ్యత భుజాన పడింది

1830లో ఫ్రెంచి సైన్యాలు అల్జీర్స్ నగరాన్ని ఆక్రమించాయి. ఉస్మానియా పాలన అక్కడ కూలిపోయింది. దిక్కుతోచని తెగల పెద్దలు ముహియుద్దీన్ వద్దకు వచ్చి నాయకత్వం వహించమని కోరారు. వృద్ధాప్యం కారణంగా ఆయన తన కుమారుణ్ణి చూపించారు. 1832 నవంబరులో తెగల పెద్దలు అబ్దుల్ ఖాదిర్ చేతిలో చేయి వేసి విధేయతా ప్రమాణం చేశారు. అప్పుడు ఆయన వయసు 24 సంవత్సరాలు మాత్రమే.

అప్పటి నుండి 15 సంవత్సరాలు ఆయన పోరాడారు. ఒకరితో ఒకరికి పొసగని తెగలను ఒక్క తాటి మీదకు తెచ్చారు. న్యాయమూర్తులను నియమించారు, పన్నులను క్రమబద్ధం చేశారు. 1837లో కుదిరిన తఫ్నా ఒప్పందంతో ఫ్రాన్సు దేశంలోని చాలా భాగం మీద ఆయన అధికారాన్ని అంగీకరించింది. రెండేళ్లకే ఆ ఒప్పందం భగ్నమై యుద్ధం మళ్లీ రాజుకుంది. ఫ్రెంచి సేనాని బ్యూజో పంటలను తగలబెట్టించి, ధాన్యపు పాతర్లను కొల్లగొట్టించి, పశువులను తోలుకుపోయే పద్ధతిని అవలంబించాడు. 1845లో దహ్రా కొండల్లో గుహలో దాక్కున్న ఒక తెగవారిని, ఆడవారు, పిల్లలు అని కూడా చూడకుండా, గుహ ముఖద్వారం వద్ద మంటలు పెట్టి పొగతో చంపారు. వందలాదిమంది అలా ఊపిరాడక మరణించారు.

యుద్ధంలో సైతం హద్దులు

ఇంతటి క్రౌర్యం ఎదురైనా అమీర్ తన సైనికులకు విధించిన నియమాలు గమనించదగ్గవి. శత్రువును ప్రాణాలతో పట్టి తెచ్చినవారికి బహుమానం ఇచ్చేవారు. ఖైదీని బాధించినవారిని శిక్షించేవారు. ఖైదీలైన స్త్రీల బాగోగులను ఆయన తల్లి స్వయంగా చూసుకునేవారు. తమవద్ద తిండి గింజలు కరవైనప్పుడు ఖైదీలను ఆకలితో ఉంచడం ఇష్టం లేక విడిచిపెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. అల్జీర్స్ బిషప్ డ్యూపుష్ ఒక ఖైదీ విడుదల కోరుతూ జాబు రాయడంతో మొదలైన ఉత్తర ప్రత్యుత్తరాలు 1841లో ఇరుపక్షాల ఖైదీల మార్పిడికి దారితీశాయి.

ఒక చేదు నిజాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. 1846 ఏప్రిల్‌లో అమీర్ దూరప్రాంతంలో ఉండగా ఆయన శిబిరంలోని ఫ్రెంచి ఖైదీలలో అత్యధికులు వధకు గురయ్యారు. అది ఆయన నెలకొల్పిన నియమాలకు పూర్తిగా విరుద్ధమైన చర్య. నాయకుడు ఎంత నీతిమంతుడైనా యుద్ధం మనుషులను ఎక్కడికి దిగజార్చగలదో ఈ సంఘటన చెబుతుంది.

మాట తప్పిన ప్రభుత్వం

1843లో ఆయన సంచార రాజధాని శత్రువుల వశమైంది. ఏళ్ల తరబడి ప్రేమతో సేకరించిన గ్రంథాలు చెల్లాచెదురయ్యాయి. ప్రజలు ఇంకా నలిగిపోవడం తప్ప పోరాటం వల్ల ఫలితం లేదని గ్రహించి 1847 డిసెంబరులో ఆయన ఆయుధం దించారు. పరివారంతో సహా అలెగ్జాండ్రియాకు గాని, అక్కా నగరానికి గాని వెళ్లనిస్తామని ఫ్రెంచి సేనానులు మాట ఇచ్చారు. కాని ఓడ ఫ్రాన్సుకు చేరింది. తూలాన్, పో, ఆ తర్వాత అంబువాజ్ కోటలో దాదాపు అయిదేళ్లు ఆయన నిర్బంధంలో గడిపారు. అలవాటులేని చలికి, వ్యాధులకు అంబువాజ్‌లో ఆయన పరివారంలోని 25 మంది కన్నుమూశారు. వారి సమాధులు నేటికీ ఆ కోట తోటలో ఉన్నాయి.

ఆ కోటలో అమీర్ నిరాశకు లోనుకాలేదు. అయిదు పూటలా నమాజు, ఖుర్ఆన్ పారాయణం, పిల్లలకు, అనుచరులకు బోధన – ఇదీ ఆయన దినచర్య. చూడవచ్చిన ఫ్రెంచివారితో, క్రైస్తవ గురువులతో మర్యాదగా సంభాషించేవారు. ఆయన చేత మేలు పొందిన మాజీ ఖైదీలు కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చేవారు. బిషప్ డ్యూపుష్ ఆయన విడుదల కోసం ఏకంగా ఒక పుస్తకమే రాశారు. చివరికి 1852లో లూయీ నెపోలియన్ ఆయనను విడుదల చేసి భరణం ఏర్పాటు చేశాడు. అమీర్ కొంతకాలం బుర్సాలో ఉండి, 1855లో డమాస్కస్‌లో స్థిరపడ్డారు. అక్కడి ఉమయ్యద్ మస్జిదులో బోధించేవారు.

డమాస్కస్ అల్లర్లు

1860 వేసవిలో లెబనాన్ కొండల్లో ద్రూజులకు, మారోనైట్ క్రైస్తవులకు మధ్య రక్తపాతం జరిగింది. కాందిశీకులు డమాస్కస్‌కు తరలివచ్చారు. నగరంలోనూ అనుమానాలు ముదిరి ఉన్నాయి. ప్రజలందరికీ సమాన హక్కులంటూ ఉస్మానియా ప్రభుత్వం 1856లో చేసిన ప్రకటన, పన్నుల గొడవ, వ్యాపారంలో వచ్చిన మార్పులు పాత సంబంధాలను దెబ్బతీశాయి. ముప్పు పసిగట్టిన అమీర్ అధికారులను ముందుగానే హెచ్చరించారు. వారు తగినంతగా పట్టించుకోలేదు.

జులై 9న క్రైస్తవులను అవమానించిన కొందరు ముస్లిం కుర్రాళ్లకు సంకెళ్లు వేసి, క్రైస్తవ వాడలో వీధులు ఊడ్పించడానికి తీసుకువెళ్లారు. అది చూసి జనం రెచ్చిపోయారు. గుంపులు క్రైస్తవ వాడపై పడి ఇళ్లను, చర్చీలను తగలబెట్టాయి. దాదాపు ఎనిమిది రోజుల పాటు సాగిన ఆ ఘోరంలో వేలాదిమంది హతులయ్యారు.

అమీర్ వెంట అల్జీరియా నుండి వచ్చి స్థిరపడిన వెయ్యిమందికి పైగా అనుచరులు ఉన్నారు. ఆయన వారిని వాడవాడకూ పంపి క్రైస్తవులను వెతికి తెప్పించారు. సన్యాసినులను, వారి సంరక్షణలో ఉన్న పిల్లలను, ఫ్రాన్సుతో సహా పలు దేశాల కాన్సులర్ ప్రతినిధులను తన ఇంటికి చేర్చారు. క్రైస్తవుణ్ణి ప్రాణాలతో తెచ్చి అప్పగించినవారికి తలకు 50 పియాస్తర్లు ఇస్తామని ప్రకటించి, తానే గుమ్మం వద్ద కూర్చున్నారు. ఇల్లు నిండిపోతే గుంపులు గుంపులుగా కోటలోకి సురక్షితంగా తరలించారు. తరువాత బేరూత్‌కు వెళ్లదలచినవారికి తన మనుషులనే రక్షణగా పంపారు.

అల్లరి మూక ఆయన ఇంటి మీదకూ వచ్చింది. క్రైస్తవులను అప్పగించమని కేకలు వేసింది. అమీర్ బయటికి వచ్చి ఇది ధర్మానికి విరుద్ధమని నచ్చజెప్పారు. ఫ్రెంచి క్రైస్తవులతో యుద్ధం చేసినవాడివి నువ్వే కదా అని వారు నిలదీశారు. తాను పోరాడింది తన దేశాన్ని ఆక్రమించినవారితోనే తప్ప నిరపరాధులతో కాదని ఆయన సమాధానం. తన అనుచరులలో ఒక్కడు ప్రాణాలతో ఉన్నంతవరకు శరణు వచ్చినవారిని తాకనివ్వబోనని తేల్చిచెప్పారు. మూక వెనుదిరిగింది. ఆయన ఒంటరిగా లేరన్నది కూడా గుర్తుంచుకోవాలి. మైదాన్ వాడలో అనేకమంది ముస్లిం పెద్దలు తమ పొరుగు క్రైస్తవులను కంటికి రెప్పలా కాపాడారు.

ఎందుకు చేశారు?

ఆ తరువాత బిరుదులు, బహుమతులు వెల్లువెత్తాయి. ఫ్రాన్సు, రష్యా, గ్రీసు పాలకులతోపాటు పోప్ కూడా ఆయనను గౌరవించారు. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ పిస్తోళ్ల జత పంపారు. వీటన్నిటికంటే విలువైనది రష్యాలో బందీగా ఉన్న కాకసస్ వీరుడు ఇమామ్ షామిల్ రాసిన అభినందన లేఖ అని మేము భావిస్తున్నాము. క్రైస్తవ సామ్రాజ్యం చేతిలో సర్వస్వం కోల్పోయిన ఒక ముజాహిద్ మరో ముజాహిద్‌ను మెచ్చుకున్నది యుద్ధంలో గెలిచినందుకు కాదు, నిరపరాధులను కాపాడినందుకు!

అల్జీర్స్ బిషప్‌కు 1862లో రాసిన జాబులో అమీర్ తాను ప్రత్యేకంగా చేసిందేమీ లేదని, షరీఅత్ విధించిన బాధ్యతను, మానవ హక్కులను పాటించానని వివరించారు. ఆయన మాటలో అతిశయం లేదు. ఏ జాతి పట్ల ద్వేషమైనా మనల్ని న్యాయం నుండి తప్పించరాదని దివ్యఖుర్ఆన్ (అల్ మాయిదా: 8) ఆదేశిస్తోంది. ఒక్క ప్రాణాన్ని నిలిపినవాడు మానవజాతినంతటినీ నిలిపినట్లేనని అదే సూరా (32) బోధిస్తోంది. ఒప్పందం ద్వారా రక్షణ పొందిన ముస్లిమేతరునికి అన్యాయం చేసినవానిపై ప్రళయదినాన తానే వాదిగా నిలుస్తానని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అమీర్ వీటిని చిన్ననాడు కంఠస్థం చేశారు, నిర్బంధంలో నెమరువేశారు, డమాస్కస్‌లో ఆచరించారు.

చివరి రోజులు

1863లో ఆయన మళ్లీ హజ్‌కు వెళ్లి మక్కా, మదీనాలలో సుదీర్ఘకాలం ఆరాధనలో గడిపారు. ఆయన ఆధ్యాత్మిక బోధలు కితాబుల్ మవాఖిఫ్ అనే గ్రంథంగా మిగిలాయి. 1883 మే 26న డమాస్కస్‌లో కన్నుమూశారు. షేక్ ఇబ్నె అరబీ సమాధి చెంతనే ఖననం చేశారు. అల్జీరియా స్వతంత్రమైన తరువాత, 1966లో ఆయన అవశేషాలను స్వదేశానికి తీసుకువెళ్లారు.

సోదర సోదరీమణులారా! నమాజులో మనం కుడివైపు, ఎడమవైపు తల తిప్పి శాంతిని కోరుతూ సలాం చెబుతాము. ఆ సలాం మస్జిదు గడప దాటి మన వీధిలోకి, మన పొరుగింటికి చేరకపోతే ఆ ఆరాధన మనలో ఇంకా వేళ్లూనుకోలేదనే అర్థం. ఎక్కడో ఎవరో చేసిన దుర్మార్గానికి ఇక్కడి నిరపరాధిని బాధ్యుణ్ణి చేయడం ఏ మతస్థులు చేసినా అన్యాయమే. ఆ అన్యాయం మన పట్ల జరిగినప్పుడు బాధపడే మనం, ఇతరుల పట్ల జరిగినప్పుడు కూడా అడ్డు నిలవాలి. పుకార్లు పుట్టినప్పుడు వాటిని ఆపడం, పెద్దలను ముందుగా హెచ్చరించడం, భయపడినవారికి తలుపు తెరవడం – అమీర్ చేసిన ఈ మూడు పనులూ మనలో ప్రతి ఒక్కరూ చేయగలిగినవే.

అల్లాహ్ మనకు ద్వేషాన్ని జయించే హృదయాన్ని, న్యాయం మీద నిలిచే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.