నికోలా టెస్లా: పడవకు వేసిన తాళము

టెస్లా అనగానే నేటి విద్యార్థికి కారు జ్ఞాపకము వచ్చుట సహజము. భౌతికశాస్త్రము చదివినవారికి ఏకాంతర విద్యుత్ మోటారు స్ఫురించును. మేము ఇచ్చట స్మరింపదలచినది అంతగా ప్రచారము పొందని వేరొక కృషిని.

నికోలా టెస్లా 1856 జూలై 10న, నేటి క్రొయేషియాలోని స్మిల్యాన్ గ్రామములో, సెర్బు జాతికి చెందిన క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించినాడు. 1884లో న్యూయార్కు చేరినాడు. 1888 నాటి మోటారు పేటెంట్లు ఆయనకు కీర్తి తెచ్చినవి.

1898లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో, నీటి తొట్టిలో ఒక చిన్న పడవను ఏ తీగయు లేకుండ దూరమునుండి నడిపి చూపినాడు. కొందరు ఇంద్రజాలమనుకొన్నారు. అట్టి యంత్రము ఆయుధమైనచో దేశములు యుద్ధమునకే జంకునని టెస్లా ఆశించినాడు. ఆ ఆశ ఎంత అమాయకమైనదో తరువాతి చరిత్ర చూపినది.

పడవలో లోహపు రజను నింపిన గొట్టము ఉండెడిది. తగిన విద్యుత్ తరంగము తాకినంతనే రజను విద్యుత్తును ప్రసరింపజేయును. ఒక్కొక్క స్పందనకు చక్రము ఒక మెట్టు తిరిగి, మోటారో చుక్కానియో కదలును. లోపము ఇందులోనే ఉన్నది. తరంగము యజమానిదా, శత్రువుదా అన్నది గొట్టమునకు తెలియదు. ఆ పౌనఃపున్యమును కనుగొన్న పరాయివానికి పడవ దాస్యము చేయును; పంపినవాని రేవుపైకే మరలి రాగలదు.

టెస్లా ఈ లోపమును కప్పిపుచ్చలేదు. 1900లో దరఖాస్తు చేసి, 1903లో పొందిన పేటెంటులో పరిష్కారము చూపినాడు. పంపెడి యంత్రము వేర్వేరు పౌనఃపున్యములు గల రెండు లేక అంతకు మించిన తరంగములను పంపును. అందుకొనెడి యంత్రములో ఒక్కొక్క తరంగమునకు ఒక్కొక్క వలయము. అన్నియు కలసి స్పందించిననే మీట పడును. ఒకటి తప్పినను యంత్రము చలింపదు. అంకెల తాళమువంటిదే ఇది. కంప్యూటరు చదివెడివారు దీనిలో తమ ఆండ్ గేటును గుర్తింపగలరు. అయితే ఈ తాళము అభేద్యము కాదు. ఓపికగా ఆలకించు శత్రువు అన్ని పౌనఃపున్యములను పసిగట్టగలడు; ఒక్కదానిని చెరచినను ఆజ్ఞ చేరదు.

తాళమే వేయనివారి మాట వేరు. ఇరాకులో అమెరికా మానవరహిత విమానములు పంపిన దృశ్యములు, రహస్యలిపి లేనందున, ప్రత్యర్థులకు చిక్కినవని 2009లో వెల్లడియైనది.

టెస్లా పడవను అమెరికా ప్రభుత్వము స్వీకరింపలేదు. పేటెంటు గడువు 1920లో తీరిపోయినది. 1942 ఆగస్టు 11న నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథైల్, టార్పెడోకు పంపు ఆజ్ఞలను శత్రువు చెరపకుండ పౌనఃపున్యమును మాటిమాటికి మార్చు పద్ధతికి పేటెంటు పొందినారు. ఐదు మాసములు తిరుగకముందే, 1943 జనవరి 7న, న్యూయార్కు హోటలు గదిలో టెస్లా ఒంటరిగా కన్నుమూసినాడు.