గుమాస్తా రామానుజన్ గారి సీమ కష్టాలు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. ముప్పయ్యేళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక, కొంతకాలం అదే ఉద్యోగం చేసిన శ్రీనివాస రామానుజన్ గారిని ఎంచుకున్నాను. ఆయన గణితాన్ని వివరించే శక్తి నాకు లేదు. పరాయి దేశంలో ఆయన ఏం తిన్నారు, ఎలా పడుకున్నారు అనేది మాత్రం మనవి చేస్తాను.

రామానుజన్ గారు 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించి, కుంభకోణంలో పెరిగారు. తండ్రిగారు బట్టల కొట్టులో గుమాస్తా. లెక్కలు తప్ప మరో పాఠం పట్టించుకోక రామానుజన్ గారు ఎఫ్.ఏ. తప్పారు. 1910 చివర ఆసరా కోసం మన నెల్లూరు వచ్చి, అప్పటి కలెక్టరు రామచంద్రరావు గారిని కలిశారు. ఆయన కొంతకాలం నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టు అకౌంట్స్ సెక్షనులో గుమాస్తాగా చేరారు. జీతం 30 రూపాయలు.

1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీ గారికి ఉత్తరం రాయడంతో ఆయన దశ తిరిగింది. 1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కారు. అంతకుముందే తల్లిని, భార్యను కుంభకోణం పంపించేశారు. పిలక తీయించుకున్న తన తల వాళ్ళ కంట పడకూడదని ఆయన బాధ.

కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీలో ఉన్నారు. నిష్ఠ గల శాకాహారి కావడంతో కాలేజీ భోజనశాలకు వెళ్ళేవారు కాదు. గదిలోనే గ్యాసు పొయ్యి మీద స్వయంగా వండుకునేవారు. లెక్కల్లో పడితే వంటకు వేళాపాళా ఉండేది కాదు. బూట్లు కాళ్ళను బాధించేవి. ఆ ఆగస్టులోనే యుద్ధం మొదలైంది. మంచి కూరగాయలు, పాలు దొరకడం కష్టమైంది. మన పప్పులు, పొడులు సముద్రం దాటి రావలసినవే.

ఒక శీతాకాలంలో మహలనోబిస్ గారు ఆయనను చూడబోయారు. అప్పటికి ఆయనా విద్యార్థే. తరువాత కలకత్తాలో గణాంక సంస్థ స్థాపించిన మహలనోబిస్ ఈయనే. రాత్రిళ్ళు వెచ్చగా ఉంటోందా అని అడిగితే, ఓవర్‌కోటు తొడుక్కుని పడుకుంటున్నా చలి ఆగడం లేదని రామానుజన్ గారు చెప్పారు. పడక చూస్తే దాని నిండా కంబళ్ళున్నాయి. వాటి అంచులు పరుపు కిందకు మడిచి, బిగించి ఉన్నాయి. వాటిని తొలగించి లోపల దూరాలని ఆయనకు తెలియదు. పైన పడుకుని వణుకుతున్నారు. అంతటి మేధావికి ఆ చిన్న సంగతి చెప్పేవారు లేకపోయారు.

1917లో జబ్బుపడ్డారు. శానిటోరియాల్లో తిండి మరీ ఇబ్బంది అయింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో, అదే ఏడు ట్రినిటీ ఫెలో అయ్యారు. 1919 మార్చిలో స్వదేశం చేరారు. 1920 ఏప్రిల్ 26న మద్రాసులో, నిండా 33 ఏళ్ళు రాకుండానే, కన్నుమూశారు. ఆనాడు క్షయ అని వైద్యం చేశారు. 1994లో ఒక వైద్యుడు ఆ కాగితాలన్నీ పరిశీలించి, అది కాలేయానికి సోకిన అమీబియాసిస్ అయి ఉండవచ్చని రాశారు. కనుక జబ్బుకు తిండే కారణమని నేననను. ఒంటరితనంలో మాత్రం ఏ జబ్బయినా బరువే.

ఇక నా సంగతి. 2003లో మా అబ్బాయి చదువుకు అమెరికా వెళ్ళాడు. వారానికోసారి ఫోను. నేను పరీక్షలు, బ్యాంకు లోను గురించి అడిగేవాణ్ణి. మా ఆవిడ ఏం వండుకున్నావు, దుప్పటి సరిపోతోందా అని అడిగేది. నిమిషానికి ఇంత ఖర్చయ్యే ఫోనులో ఈ చాదస్తమేమిటని విసుక్కునేవాణ్ణి. 2011లో మేము అక్కడికి వెళ్ళినప్పుడు తెలిసింది, మొదటి చలికాలమంతా వాడు పరుపు కొనుక్కోలేక నేలమీదే పడుకున్నాడని, హీటరు ఖర్చు తగ్గించడానికి కోటు విప్పేవాడు కాదని. వాళ్ళమ్మకు అప్పుడే చెప్పాడట. తెలియనిది నాకొక్కడికే. నేను అడగలేదు గనుక చెప్పలేదు.

మన సభ్యుల్లో చాలామంది పిల్లలు, మనుమలు నేడు విదేశాల్లో ఉన్నారు. సెల్‌ఫోనులో ముఖం చూస్తూ మాట్లాడే సదుపాయం వచ్చింది. పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ముందు అన్నం, పడక సంగతి అడగండి. జీతం, మార్కుల సంగతి ఆ తర్వాత అడగవచ్చు. మా మనుమడితో నేనిప్పుడు అలాగే చేస్తున్నాను. ఆ ప్రశ్న మొదట నేనే అడిగేస్తున్నానని మా ఆవిడ నవ్వుతుంది.