విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

మన భాషలో స్త్రీ నడవడిని నిందించుటకు గల మాటలు లెక్కకు మిక్కిలి. అదే నడవడిగల పురుషుని నిందింపవలసి వచ్చినపుడు మాత్రము నిఘంటువు తడబడును. సాని యను మాటకు మూలము స్వామిని యని పండితులు చెప్పుదురు. దొరసాని యన్నపుడు ఆ గౌరవము నేటికిని నిలిచియున్నది. ఒంటిగా సాని యన్నంతనే అది నిందయైనది. భర్తను గోల్పోయి తల గొఱిగింపబడిన దురదృష్టవంతురాలికి వచ్చిన పేరు కాలక్రమమున శీలమును దూషించు తిట్టుగా మాఱినది. వెల పుచ్చుకొను స్త్రీకి వెలయాలని పేరున్నది. ఆ వెల నిచ్చు పురుషుని కట్టి పేరు లేదు. అతడు రసికుడు, భోగి, మహా యనిన విటుడు. ఈ మాటలలో నేదియు అతనికి సభలో పీట లేకుండ జేయదు.

ఇది కేవలము పదముల తగవని త్రోసివేయుటకు వీలు లేదు. ఒక గ్రంథమును చదువకుండ జేయుటకు, ఒక గొంతును పాడకుండ జేయుటకు, అట్టి మాట యొక్కటి చాలినదని చరిత్రము చూపుచున్నది. ఆ చరిత్రము మన చెన్నపట్టణమున, మన తెలుగువారి నడుమనే జరిగినది. దానికి నాయిక బెంగుళూరు నాగరత్నమ్మ. సంగీతాభిమానులు ఆమెను త్యాగరాజస్వామి సేవకురాలిగా నెఱుగుదురు. ఆమె జీవితములోని రెండవ భాగమును గూర్చి నేడు ముచ్చటింపదలచినారము.

నాగరత్నమ్మ 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీని మైసూరు సీమలోని నంజనగూడున జన్మించెను. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులమునకు జెందినది. కన్నవాని యండ ఆ తల్లీబిడ్డలకు నిలువలేదు. తల్లి దారిద్ర్యమున నుండియు బిడ్డకు సంస్కృతము, సంగీతము, నాట్యము చెప్పించెను. వాలాజాపేట కృష్ణస్వామి భాగవతుల శిష్యపరంపరలోనివాడగు మునుస్వామప్ప బెంగుళూరున ఆమెకు సంగీతగురువయ్యెను. ఆ విధముగా త్యాగరాజస్వామి కీర్తనలు గురుపరంపరగానే ఆమెకు లభించినవి. పదునాలుగేండ్ల ప్రాయమున తల్లి మరణించెను. ఆ బాలిక నిలద్రొక్కుకొని, మైసూరు ఆస్థానమున మెప్పు వడసి, యిరువదవ శతాబ్దారంభమున చెన్నపట్టణము చేరెను. ఇచట పాటకత్తెలలో ఆమె పేరు అగ్రగణ్యమయ్యెను. ధనము వచ్చెను, కీర్తి వచ్చెను. కచేరికి బిలుచు పెద్దమనుష్యులు ఆమె విద్యను వేనోళ్ళ గొనియాడిరి. ఆమె కులమును సూచించు మాటను మాత్రము ఎవ్వరును మఱువలేదు.

తంజావూరు కాలపు తెలుగు సారస్వతమును పరిశీలించుచుండగా ముద్దుపళని యను కవయిత్రి ప్రశంస నాగరత్నమ్మ కంటబడెను. ముద్దుపళని తంజావూరు నేలిన ప్రతాపసింహుని కాలమునాటిది. ఆ రాజు 1739 మొదలు 1763 వఱకు రాజ్యము చేసెను. ఆమె రచించిన రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగారకావ్యము. తాను పెంచిన ఇళయను కన్యను రాధ శ్రీకృష్ణునకిచ్చి పెండ్లి చేయుట, పిదప విరహమున వేగి కోపించుట, కృష్ణుడు వచ్చి ఆమెను సాంత్వనపఱచుట అందలి కథ. శృంగారము మన కావ్యములకు క్రొత్త గాదు. క్రొత్తదనమంతయు ఒక్కటే: అందు స్త్రీ కోరికను స్త్రీయే చెప్పినది. ఆ కవయిత్రి తన యవ్వ తంజనాయకిని, తన వంశపు స్త్రీల విద్యను, తన కితరకవులు కృతులంకితమిచ్చిన విషయమును సగర్వముగా జెప్పుకొనినది.

ఈ గ్రంథము 1887లోనే యొకపరి యచ్చుపడినది. బ్రౌను దొరవద్ద పనిచేసిన పైడిపాటి వెంకటనరసుగారు దానిని ప్రకటించిరి. కాని యందు కొన్ని పద్యములు లేవు; కవయిత్రి తన వంశమును దెలుపుకొనిన భాగమును లేదు. ఒక స్త్రీ నా యవ్వ కవయిత్రియని చెప్పుకొనిన పలుకులే గ్రంథమునుండి జాఱిపోయినవన్నమాట. నాగరత్నమ్మ ఎంతో శ్రమపడి వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో సరిచూచి, లోపించినవానిని జేర్చి, 1910వ సంవత్సరమున వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారి ద్వారా క్రొత్త ప్రతిని వెలువరించెను.

ఇచట కందుకూరి వీరేశలింగము పంతులుగారి ప్రసక్తి తప్పదు. ఆ మహనీయునియెడ మాకు గల గౌరవము తక్కువది కాదు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించి, కులబహిష్కారమునకు వెఱువక నిలిచిన ధీరుడాయన. విధవను దిట్టుగా మార్చిన సంఘముతో పోరాడినవారిలో ఆయనకు ముందు నిలుచువారు అరుదు. అట్టివాడే ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళనికి వచ్చునప్పటికి ఆమెను కులటగా నెంచి, స్త్రీకి సహజమైన సిగ్గును విడిచినదనియు, ఆ కావ్యములోని పెక్కు భాగములు స్త్రీలు వినుటకే తగవనగా స్త్రీ నోట వెలువడుట మఱింత హేయమనియు తీర్పు చెప్పెను. ఒక నింద భారమును స్త్రీ తలపైనుండి దింపిన చేయియే మఱియొక నిందను వేఱొక స్త్రీ తలపై నుంచెను. సంస్కర్తకు దుర్బుద్ధి కలదని మేమనము. పతివ్రత యొకతె, పతిత యొకతె యని స్త్రీలను రెండు తెగలుగా జేసి చూచు అలవాటు అంతటివానికిని వదలలేదని మాత్రము చెప్పవలసియున్నది.

నాగరత్నమ్మ తన పీఠికలో ఈ తీర్పునకు బదులు చెప్పెను. ఆమె కన్నీరు పెట్టుకొనలేదు, తిట్టలేదు. న్యాయవాది వాదించిన తీరున వాదించెను. సిగ్గనునది స్త్రీలకే సహజమా, పురుషులకు అక్కఱలేదా యని మొదట ప్రశ్నించెను. వేశ్య గనుక నిట్లు వ్రాసినదందురా, అట్లయిన గౌరవనీయులైన పురుషులు వ్రాసిన కావ్యములలో అంతకు మించిన వర్ణనలు ఏల యున్నవని రెండవమాఱు ప్రశ్నించెను. పంతులుగారే స్వయముగా జూచి ప్రకటనార్హమని యెంచిన వైజయంతీవిలాసమును దృష్టాంతముగా జూపెను. సారంగు తమ్మయ రచించిన ఆ కావ్యము విప్రనారాయణుని కథ; వేశ్యాసక్తుడైన భక్తుని చరిత్రము. దానిని పండితులు నిస్సంకోచముగా జదువుచుండగా రాధికాసాంత్వనము మాత్రమేల దోషమయ్యెనని ఆమె యడిగినది.

ఆ ప్రశ్నకు మఱియొక దృష్టాంతమును మేము జోడింతుము. క్షేత్రయ్య పదములలో మాటాడునది తఱచు స్త్రీయే; పెక్కు పదములలో ఆమె వేశ్యయే. ఆ మాటలను కూర్చినవాడు పురుషుడు గనుక వానిని భక్తియనిరి, సంగీతమనిరి, నాయికాభావమనిరి. నాయిక స్వయముగా కలము పట్టినపుడు అవే భావములు అశ్లీలమైనవి. దోషము పద్యమునందున్నచో కర్త మాఱినంతమాత్రమున అది తొలగరాదు. కర్తతోపాటు తొలగుచున్నదన్నచో విచారణ జరిగినది పద్యమునకు గాదు.

తరువాతి కథ యీ మాటను బలపఱచుచున్నది. 1911లో ఒక పత్రిక గ్రంథముపై విరుచుకొనిపడెను. దాని వాదములోని సారమిది: వ్రాసినది ఒక వేశ్య, పరిష్కరించినది మఱియొక వేశ్య. అంతకు మించి నిరూపింపవలసినదేదియు లేనట్లు ప్రభుత్వము చెవియొగ్గెను. సర్కారు అనువాదకుడు తనకు దూష్యములని తోచిన పద్యములను ఏఱి యింగ్లీషులోనికి మార్చగా, పోలీసువారు ప్రతులను జప్తు చేసిరి. ప్రకాశకులపై నేరము మోపిరి. మొత్తము 584 పద్యముల కావ్యము, తెలుగెఱుగని యధికారి ముందు, కొన్ని పద్యముల వచనానువాదముగా నిలిచి శిక్ష పొందినది. పండితులు కొందఱు విన్నపములు పంపిరి. సంస్కృతాంధ్రములందలి మహాకావ్యములు సైతము ఈ కొలతకు నిలువజాలవని వారు మొఱపెట్టినను ఫలము కలుగలేదు. నిషేధము నిలిచెను.

ముప్పదియైదేండ్ల పిమ్మట, టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1946-47లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానిగా నున్న కాలమున ఆ నిషేధము తొలగెను. వావిళ్లవారు 1952లో గ్రంథమును మఱల ముద్రించిరి. నాగరత్నమ్మ కనులు మూసినది ఆ సంవత్సరముననే.

గ్రంథము మూతవడియున్న ఆ యేండ్లలో ఆమె చేసిన పని లోకవిదితము. తిరువయ్యారున 1847లో సిద్ధి పొందిన త్యాగరాజస్వామి సమాధి శిథిలమై, ముండ్లపొదల నడుమ నున్నదని విని, ఆమె తన యార్జనను వెచ్చించి గుడి కట్ట బూనెను. 1921లో పునాది వేయించి, 1925 జనవరి 7వ తేదీని కుంభాభిషేకము జరిపించెను. నేడు వేలకొలది జనులు కూడి పంచరత్నకృతులు పాడు చోటు అట్లు ఏర్పడినది. కాని గుడి కట్టించినదానికి ఆ గుడిముందు పాడు హక్కు లేకపోయినది. ఆరాధనోత్సవములు రెండు కక్షలుగా చీలిన పురుషుల చేతులలో నుండెను. స్త్రీలు అందు పాడరాదు. అది దేవదాసీ స్త్రీలు గానవిద్యకు ఆటపట్టులైయున్న కాలము. వారు పాడిన గ్రామఫోను పలకలను తమ యిండ్లలో మురిసికొని విన్నవారే, ఉత్సవమున వారి గొంతు పవిత్రతకు భంగమని తలచిరి.

నాగరత్నమ్మ ఆ గుడి వెనుకవైపున స్త్రీల చేత వేఱుగా ఆరాధన జరిపించుటకు మొదలిడెను. తమిళులు దానిని ఆడవారి కక్షయని పిలిచిరి. పేరు ఎగతాళికే పెట్టియుండవచ్చును, ఆమె వెనుదీయలేదు. 1940 ప్రాంతమున కక్షలన్నియు నొక్కటియై, స్త్రీలును పురుషులును కలిసి యారాధించు పద్ధతి యేర్పడెను. అప్పటికి ఆమెకు అఱువదేండ్లు దాటినవి.

ఆమె జీవితములో చదువరులు తటపటాయించు ఘట్టమొకటి కలదు. దానిని దాచుట ధర్మము గాదు. 1927లో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు మదరాసు శాసనసభలో దేవదాసీ పద్ధతిని మాన్పవలెనని తీర్మానము తేగా, నాగరత్నమ్మయు ఇతర దేవదాసీలును సంఘముగా గూడి ప్రతిఘటించిరి. ముత్తులక్ష్మీ రెడ్డిగారును దేవదాసి కడుపున బుట్టినవారే. బాలికలను దేవుని పేరిట భోగవృత్తిలోనికి ద్రోయుట ఆమె కన్నులార జూచిన బాధ. ఆమె పక్షమున న్యాయము కలదు. 1947 నాటి శాసనము బాలికలను అంకితము చేయుటను నిషేధించినందుకు మనము సంతోషింపవలసినదే. అయినను రెండవ పక్షము పలుకులోను సత్యమున్నది. దేవదాసియన్నను వేశ్యయన్నను ఒక్కటే యని శాసనసభలో పలుకుటవలన తమ విద్య, తమ భూమి, తమ గౌరవము ఒక్క దెబ్బతో పోవునని వారు భయపడిరి. ఆ భయము నిజమైనది. పద్ధతి పోయినది, నింద మాత్రము ఆ యింటి యాడుబిడ్డల వెంట తరములపాటు నడచినది. ఆ యిండ్లకు రాకపోకలు సాగించిన జమీందారుల, ఉద్యోగుల బిడ్డలకు అట్టి యిడుమ రాలేదు.

ఆమె 1949లో వ్రాయించిన మరణశాసనము ఈ జీవితమంతటికిని ముగింపువంటిది. ఆస్తిని త్యాగరాజస్వామి సేవకై ధర్మకర్తల కప్పగించుచు, ఆ సన్నిధిని స్త్రీలకు, దేవదాసీలకు సైతము, ఆరాధించుటకును గానము చేయుటకును హక్కుండవలెనని ఆమె నిబంధన పెట్టినది. తన కులము పేరును కప్పిపుచ్చుకొని మర్యాద సంపాదించుట ఆమె కిష్టము లేకపోయినది. ఆ పేరుగలవారికే హక్కు దక్కవలెనని కాగితముమీద వ్రాయించినది. 1952 మే 19వ తేదీని ఆమె పరమపదించెను. తిరువయ్యారున స్వామి సమాధికి అభిముఖముగా ఆమె విగ్రహము నేటికిని చేతులు జోడించి కూర్చుండియున్నది.

ఇవి జరిగిపోయిన కాలపు విషయములని మనము నిశ్చింతగా నుండుటకు వీలు లేదు. 1872 నాటి సాక్ష్యశాసనమున బలాత్కారమునకు గుఱియైన స్త్రీ సామాన్యముగా దుర్నడత గలదని చూపి ఆమె సాక్ష్యమును కొట్టివేయింప జూచుటకు ఒక నిబంధన యుండెను. దానిని తొలగించినది 2002 నాటి సవరణ శాసనము. నూట ముప్పదియేండ్లు మన న్యాయస్థానములలో నేరము చేసినవాని నడతకన్న దెబ్బతిన్నదాని నడతయే ముందుగా విచారణకు వచ్చినది. 2023 ఆగస్టులో సుప్రీముకోర్టు వారు తీర్పులలోను వాదపత్రములలోను వాడదగని మాటలను, వానికి బదులు వాడదగిన మాటలను ఏర్చి యొక చేపుస్తకమును ప్రకటింపవలసి వచ్చినది. ఆ పట్టికలో స్త్రీ శీలమును దూషించు పదములు పెక్కు కలవు. అవి అదివఱకు వ్యవహారమున లేకున్నచో వానిని వారింపవలసిన పని యుండెడిది కాదు.

మా చదువరులలో న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు పెక్కుమంది. వాదపత్రమునో, వైద్యనివేదికనో, పత్రికావ్యాసమునో వ్రాయునపుడు స్త్రీని గూర్చి యట్టి మాట కలము కొనకు రావచ్చును. అపుడు అదే పని చేసిన పురుషుని గూర్చి తాము ఏ మాట వ్రాయుదురో యొక్క నిమిషము తలచుకొనవలసినదిగా మా మనవి. అట్టి మాట దొరకకున్న రెండవ దానిని గూడ కొట్టివేయుట న్యాయము. నాగరత్నమ్మ 1910లో అడిగిన ప్రశ్న యిదియే. ఆనాడు సర్కారు దానికి జప్తుతో బదులు చెప్పినది. మనమైనను ఆమెకు తగిన బదులు చెప్పుదుము గాక.