జాన్ స్టూవర్ట్ మిల్ - ప్రయోజనవాదము

గౌతముడు చెప్పిన 16 పదార్థములలో ప్రయోజనము నాల్గవది. అది వాదమునందు ప్రవృత్తికి హేతువు, అంతియే. దానినే ధర్మాధర్మ నిర్ణయమునకు ప్రమాణముగా నిలిపిన సంప్రదాయ మొకటి ఇంగ్లండు దేశమున వెలసెను. అధిక జనులకు అధిక సుఖము నిచ్చు కర్మయే ధర్మమని దాని సిద్ధాంతము. మూలపురుషుడు జెరెమీ బెంథామ్. ఆయన అనుయాయి జేమ్స్ మిల్. జేమ్సు జ్యేష్ఠపుత్రుడైన జాన్ స్టూవర్ట్ మిల్ 1806 మే 20వ తేదీన లండన్ నగరమున జన్మించెను.

తండ్రియే గురువు. మూడవ యేట గ్రీకు, ఎనిమిదవ యేట లాటిను నేర్పెను. బాలుడు పూర్వదినమున చదివినదానిని ప్రాతఃకాలపు నడకలో తండ్రికి ఒప్పజెప్పుచుండెను. పాఠశాలలలోని చింతన వంటిదే యిది. 1823లో ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయమున తండ్రి క్రింద గుమాస్తాగా చేరి, 1858 వరకు ఆ కొలువుననే యుండెను. 1825 నుండి వాదసభలలో పాల్గొనుచు పూర్వోత్తరపక్షముల మర్యాద నభ్యసించెను.

సంస్కృతజ్ఞులు మిల్ చరితమున ముఖ్యముగా గమనింపదగిన ఘట్టము 1836 నాటిది. అంతకు 12 సంవత్సరములకు ముందు, కలకత్తా సంస్కృత కళాశాల యేర్పడిన 1824లోనే, కంపెనీ లేఖ నొకదానిని జేమ్స్ మిల్ రచించి, ప్రాచ్యవిద్యలు నిష్ప్రయోజనములని, ఉపయుక్తవిద్యలనే బోధింపవలెనని నిర్దేశించెను. భారతదేశమును చూడకయే, సంస్కృత మెరుగకయే చేసిన నిర్ణయమది. 1835లో మెకాలే వాదము ననుసరించి బెంటింక్ ప్రభువు విద్యాధనమును ఆంగ్లమునకే కేటాయించి, సంస్కృతారబీ కళాశాలలలో కొత్తగా చేరు విద్యార్థుల భృతిని నిలిపివేసెను. దానిని ఖండించుచు కుమారుడు లేఖ సిద్ధపరచెను.

ప్రమాణము తండ్రిదే, సిద్ధాంతము విపరీతము. ఆంగ్లము కోట్ల ప్రజలకు అందునది కాదు. నూతనవిద్య దేశభాషలలోనే వ్యాపింపవలెను. ఆ భాషలకు శాస్త్రపరిభాషను సమకూర్పగలవారు ప్రజాగౌరవము గల పండితులు, మౌల్వీలు. భృతి లేనిదే ఆ వర్గము నిలువదు. ఇవి యాతని హేతువులు.

ఇందు ఒకటి మరువరాదు. సంస్కృతమునకు స్వతఃసిద్ధమైన విలువ కలదని మిల్ వాదింపలేదు. సాధనముగా మాత్రమే దానిని రక్షింపజూచెను. సాధ్యము మరియొక మార్గమున సిద్ధించినచో ఈ రక్షణ తొలగిపోవును. అయినను ప్రతివాది యంగీకరించిన ప్రమాణముతోనే ప్రతివాదిని ఎదుర్కొనుట వాదమున గొప్ప నేర్పు. లేఖను పాలకమండలి అధ్యక్షుడు హాబ్‌హౌస్ తిరస్కరించుటచే అది భారతదేశమునకు చేరలేదు. ఆ యేడే జూన్ నెలలో తండ్రి మరణించెను. 1839లో ఆక్లండ్ ప్రభువు ప్రాచ్యకళాశాలలకు ధనము కొంత పునరుద్ధరించెను.

1865 నుండి 1868 వరకు మిల్ పార్లమెంటు సభ్యుడు. 1867 మే 20న ఓటుహక్కు బిల్లులో పురుషవాచకమునకు మారుగా వ్యక్తివాచకము నుంచవలెనని సవరణ ప్రతిపాదించెను. సహజహక్కుల నాశ్రయింపక, న్యాయమే పరమ ప్రయోజనమను యుక్తితో వాదించెను. 73 మంది అనుకూలించిరి, 196 మంది వ్యతిరేకించిరి. మరుసటి యేడు ఉరిశిక్షను సమర్థించి మిత్రుల నాశ్చర్యపరచెను. చూచువారికి మిక్కిలి భయమును, అనుభవించువానికి తక్కువ దుఃఖమును కలిగించు దండనమే మేలనియు, యావజ్జీవ కారాగారము దీనికి విపరీతమనియు ఆతని లెక్క. ఆ లెక్క సరియైనదో కాదో వివాదాస్పదము. పద్ధతి మాత్రము అదియే.

1873 మే నెలలో ఫ్రాన్సు దేశమందలి అవిన్యోన్ పట్టణమున మరణించెను. 1858లో అచటనే గతించిన భార్య హారియెట్ సమాధిలో ఆతనిని ఖననము చేసిరి.